లూయీ లూయీ: ప్రభుత్వం రెండున్నరేళ్ళు విన్న పాట

అమెరికా ఎఫ్.బి.ఐ. దగ్గర వందకు పైగా పేజీల ఫైలు ఒకటుంది. అది హత్య గురించి కాదు, గూఢచర్యం గురించీ కాదు. మూడు నిమిషాలు కూడా నిండని ఓ రాక్ పాట గురించి. 1964లో మొదలుపెట్టి 1966 దాకా, దేశంలోనే పెద్ద దర్యాప్తు సంస్థ ఆ రికార్డును తన ల్యాబులో పెట్టి, వేగం పెంచి, తగ్గించి, మళ్ళీ మళ్ళీ విన్నది. పాటలో బూతులున్నాయా లేవా అన్నది తేల్చడం పని. తేలిందేమిటయ్యా అంటే, ఏ వేగంతో విన్నా ఆ పాడేవాడు ఏమంటున్నాడో అర్థం కావడం లేదని!

ఆ పాట పేరు 'లూయీ లూయీ'. పాడింది కింగ్స్‌మెన్ అనే బృందం, ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ కుర్రాళ్ళు. రాక్ సంగీతం చరిత్ర ఎవరు రాసినా ఈ రికార్డు ప్రస్తావన లేకుండా రాయరు.

ఈ ఉదంతాన్ని చాలామంది నవ్వుకోవడానికి చెప్పుకుంటారు. నవ్వొచ్చే మాట నిజమే. కానీ నాకు ఇందులో మన పనికొచ్చే సరుకు చాలా కనిపించింది. లేనిదాన్ని ఉందని ఒకడంటాడు. లేదని రుజువు చెయ్యమని మన మీద పడతాడు. దయ్యాల దగ్గర్నుంచి బాబాల విభూతి దాకా మన హేతువాదులకు రోజూ ఎదురయ్యే తంతు ఇదే. ఈ కేసులో విశేషం ఏమిటంటే, రుజువు మొదటిరోజు నుంచీ కాగితం మీద ఉంది. ఎవరైనా తెప్పించుకుని చదవొచ్చు. దర్యాప్తు అధికారులు తెప్పించుకుని చదివారు కూడా. అయినా కేసు నడిచింది.

ముందు ఆ పాటలో అసలేముందో చెబుతాను.

రాసినవాడు రిచర్డ్ బెర్రీ. లాస్ ఏంజెలెస్‌లో పెరిగిన నల్లజాతి గాయకుడు. 1955లో, ఇరవై ఏళ్ళ వయసులో, ఓ నృత్యశాలలో తన వంతు కోసం తెర వెనక కూర్చున్నప్పుడు బ్యాండువాళ్ళు రెనే తూజే అనే క్యూబా సంగీతకారుడి చా-చా బాణీ ఒకటి వాయిస్తున్నారట. దాని మొదటి దరువు బుర్రలో పడిపోయింది. చేతికందిన కాగితం మీద మాటలు రాసుకున్నాడు. కథ చాలా చిన్నది. ఓ జమైకా నావికుడు సారా దుకాణంలో కూర్చుని, సారా పోసే లూయీతో తన గోడు చెప్పుకుంటున్నాడు. సముద్రం అవతల ఓ పిల్ల తన కోసం ఎదురుచూస్తోంది, మూడు రాత్రులూ పగళ్ళూ ఓడ నడిపాను, ఆమె తలలో గులాబీ వాసన నాకిక్కడికి వస్తోంది, ఇక బయల్దేరాలి, వెళ్ళి ఆమెను దగ్గరకు తీసుకుని మళ్ళీ ఎక్కడికీ వెళ్ళనని చెబుతాను... ఇంతే. మన జానపదాల్లో కావలసినన్ని దొరికే విరహం. మా అమ్మమ్మ ముందు పాడినా అభ్యంతరపెట్టదు.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోవాలి. బెర్రీ దాన్ని శుద్ధమైన ఇంగ్లీషులో రాయలేదు. కరీబియన్ నావికుడు మాట్లాడినట్టు, వ్యాకరణం విరిగిన వాక్యాల్లో రాశాడు. కర్తలు తప్పు, క్రియలు సగం. అంటే వినేవాడు తర్వాత రాబోయే మాటను ఊహించుకునే వీలు కాగితం మీదే తగ్గిపోయింది. ఇది పైకి చిన్న విషయంగా కనపడుతుంది గానీ జరగబోయేదానికి పునాది ఇక్కడే పడింది. బెర్రీ సొంత గొంతుతో 1957లో వచ్చిన రికార్డు విన్నాను. నింపాదిగా, స్పష్టంగా పాడాడు. బూతని ఎవరూ అనలేదు. పెద్దగా పట్టించుకోనూ లేదు. పెళ్ళి ఖర్చులకు డబ్బు కావలసి వచ్చి, ఆ పాట హక్కుల్ని 750 డాలర్లకు ప్రచురణకర్తకు అమ్మేశాడు.

అక్కణ్ణించి పాట ఉత్తరానికి ప్రయాణం కట్టింది. వాయవ్య తీరంలోని టకోమా, సియాటిల్, పోర్ట్‌లాండ్ ఊళ్ళలో కుర్రాళ్ళ బ్యాండ్లకు ఇదంటే పిచ్చి పట్టింది. 1961లో టకోమా గాయకుడు రాకిన్ రాబిన్ రాబర్ట్స్, వెయిలర్స్ బృందంతో కలిసి దీన్ని గట్టిగా, అరుపులతో పాడి రికార్డు చేశాడు. కింగ్స్‌మెన్ అనుకరించింది ఈ రూపాన్నే, బెర్రీని కాదు. అంటే వాళ్ళకు చేరేసరికే పాట ఓ నోటి నుంచి మరో నోటికి మారి ఉంది.

1963 ఏప్రిల్‌లో పోర్ట్‌లాండ్‌లోని ఓ చిన్న స్టూడియోలో కింగ్స్‌మెన్ రికార్డింగు జరిగింది. ఖర్చు యాభై డాలర్ల ప్రాంతం. పాడినవాడు జాక్ ఈలీ, వయసు పంతొమ్మిది. అతను తర్వాత చెప్పినదాని ప్రకారం మైకు తలకంటే చాలా ఎత్తులో వేలాడుతోంది. తల వెనక్కి వంచి, మునివేళ్ళ మీద లేచి, వెనక వాయిద్యాల హోరును మించి అరవాల్సి వచ్చింది. పైగా పళ్ళకు తీగలు కట్టించుకుని ఉన్నాడు. వంకర పళ్ళు సరిచేయడానికి వేస్తారే, అవి. అంతకు ముందురోజు రాత్రి ఇదే పాటను గంటన్నర సేపు ఆపకుండా వాయించారట, గొంతు అప్పటికే బొంగురు. ఇన్ని కలిసొచ్చాక మాటలు ఎలా వినపడతాయి చెప్పండి?

నిజానికి మాటలు సరే, దరువు కూడా మారిపోయింది. అసలు పాటలో నాలుగు దెబ్బలు, రెండు దెబ్బలు అని సాగే వరసను ఈలీ తప్పుగా గుర్తుపెట్టుకుని మూడు, రెండుగా నేర్పించాడు. ఇప్పుడు ప్రపంచమంతా వాయించేది ఈ తప్పు వరసే! గిటార్ ముక్క అయ్యాక మూడో చరణం దగ్గర ఇంకో పొరపాటు జరిగింది. ఈలీ కాస్త ముందే అందుకున్నాడు. అందుకుని, తప్పు తెలిసి నాలుక్కరుచుకుని ఆగాడు. డ్రమ్ముల మీదున్న లిన్ ఈస్టన్ గబగబా ఓ వాయింపుతో ఆ ఖాళీని పూడ్చాడు. రెండోసారి రికార్డు చేద్దామనుకోలేదు. తర్వాత ఈ పాటను వాయించిన బ్యాండ్లలో కొందరు ఆ తప్పును కూడా పట్టుబట్టి నేర్చుకుని వాయించారు. తప్పు సంప్రదాయం కావడానికి వెయ్యేళ్ళు అక్కర్లేదని దీన్నిబట్టి తెలుస్తోంది.

రికార్డు వేసవంతా పెద్దగా కదల్లేదు. ఆ శరత్కాలంలో బాస్టన్ రేడియోలో ఓ డిస్క్ జాకీ దీన్ని ఆ వారం వచ్చిన అతి చెత్త రికార్డుగా వినిపించాడు. శ్రోతలు అదే కావాలని ఎగబడ్డారు. డిసెంబరు కల్లా బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానం, ఆరు వారాలు అక్కడే. మొదటి స్థానానికి వెళ్ళకుండా ముందుగా అడ్డుపడ్డ పాట ఏమిటో తెలుసా? బెల్జియంలో ఓ క్రైస్తవ సన్యాసిని పాడిన 'డొమినిక్'. ఇంత కుదురైన పోటీని కథలో కల్పిస్తే అతి చేశాడంటారు.

ఇక అసలు గొడవ. పాట అమ్ముడవుతున్న రోజుల్లోనే స్కూళ్ళలో, కాలేజీల్లో చిన్న చిన్న కాగితాలు చేతులు మారడం మొదలైంది. 'లూయీ లూయీలో నిజంగా పాడుతున్న మాటలు ఇవీ' అని. పడవలో ఆ అమ్మాయితో నావికుడు ఏమేం చేశాడో వర్ణించే పచ్చి బూతులు. నిమిషానికి 45 చుట్లు తిరగాల్సిన రికార్డును 33 చుట్ల వేగంతో పెడితే బాగా తెలుస్తుందని ఓ చిట్కా కూడా కాగితాలతో పాటే ప్రయాణించింది. ఈ కాగితాలన్నీ ఒకే మాట చెప్పలేదు. ఒక్కో ఊళ్ళో ఒక్కో పాఠం. ఒకదాంట్లో ఉన్న బూతు ఇంకోదాంట్లో ఉండదు. మామూలు బుద్ధితో ఆలోచిస్తే కేసు ఇక్కడే కొట్టివేయాలి. రికార్డు ఒకటే, గొంతు ఒకటే. అందులో నిజంగా ఓ బూతు స్పష్టంగా ఉంటే అందరికీ అదే వినపడాలి. పది కాగితాల్లో పది రకాలుగా ఉందంటే ఆ మాటలు రికార్డులోంచి వచ్చినవి కావు, కాగితం రాసినవాడి బుర్రలోంచి వచ్చినవి.

1964 జనవరిలో ఇండియానా రాష్ట్ర గవర్నర్ మాథ్యూ వెల్ష్‌కు ఓ హైస్కూలు విద్యార్థి నుంచి ఫిర్యాదు అందింది. గవర్నరు గారు స్వయంగా విని, చెవులు జివ్వుమన్నాయని పత్రికలవాళ్ళతో అన్నారు. ఇది బూతు పాటేనని తేల్చి, తమ రాష్ట్రంలో వెయ్యొద్దని ప్రసారకర్తల సంఘానికి కబురు పెట్టారు. నిషేధించలేదని, కోరానంతేనని తర్వాత సర్దుకున్నారు. గవర్నరు కోరడానికీ నిషేధించడానికీ రేడియో యజమాని దృష్టిలో ఎంత తేడా ఉంటుందో మనకు తెలియనిది కాదు. హక్కులు కొనుక్కున్న ప్రచురణకర్త, ఈ పాట మాటల్లో అసభ్యం చూపించినవాడికి వెయ్యి డాలర్లు ఇస్తానని ప్రకటించాడు. మన కోవూర్ గారి సవాలు గుర్తొచ్చింది నాకు.

ఆ వెంటనే ఫ్లోరిడాలోని సరసోటా నుంచి ఓ తండ్రి ఏకంగా అటార్నీ జనరల్ రాబర్ట్ కెన్నెడీకి ఉత్తరం రాశాడు. ఫైలులో ఆ ఉత్తరం ఉంది, పేరు మాత్రం కొట్టేసి. నా దృష్టిలో మొత్తం ఫైలుకి తాళంచెవి ఇదే. ఆయన చెప్పే వరస గమనించండి. కూతురు రికార్డు ఇంటికి తెచ్చింది. అది బూతు పాట అని రేడియోల్లో ఆపేశారని ఆయన చదివాడు. చదివిన తర్వాత కూర్చుని, ఆ కలగాపులగం మాటల్ని విడదీసి పట్టుకునే ప్రయత్నం చేశాడు. దొరికినవి ఎంత నీచంగా ఉన్నాయంటే ఉత్తరంలో రాయడానికి కూడా చేతులు రాలేదట.

ముందు తీర్పు, తర్వాత వినడం. ఆ పెద్దమనిషి అబద్ధమాడాడని నేననుకోను. ఆయనకు నిజంగానే వినపడింది. మన ఊళ్ళో ఫలానా చింతచెట్టు మీద దయ్యం ఉందని తెలిసినవాడికి ఆ చెట్టు కిందనే గజ్జెల చప్పుడు వినపడుతుంది, తెలియనివాడు అదే చెట్టు కింద పడుకుని గురకపెడతాడు. ఇద్దరి చెవులూ మంచివే.

మన దగ్గర తీతువు పిట్ట కూస్తే ఇంట్లో ఎవరో పోతారని భయపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అదే పిట్ట కూతలో ఇంగ్లీషువాళ్ళకు 'వాడు చేశాడా?' అనే ప్రశ్న వినపడుతుంది. వాళ్ళ పక్షుల పుస్తకాల్లో అలాగే రాసుకున్నారు. పిట్ట ఇంగ్లీషూ నేర్చుకోలేదు, మన పంచాంగమూ చదవలేదు. రైల్లో వెళ్తూ చక్రాల చప్పుడుకు చిన్నప్పుడు మనమందరం మాటలు కట్టాం కదా. ఏ మాట అనుకుంటే రైలు అదే అంటుంది.

ఎఫ్.బి.ఐ. ఏం చేసిందో చూద్దాం. అశ్లీల వస్తువుల్ని రాష్ట్రాల సరిహద్దు దాటించడం నేరమనే ఫెడరల్ చట్టం కింద విచారణ మొదలైంది. టాంపా, ఇండియానాపొలిస్, న్యూయార్క్, డెట్రాయిట్ కార్యాలయాలు కదిలాయి. రికార్డుల్ని వాషింగ్టన్ ల్యాబుకు పంపారు. ప్రచురణకర్త దగ్గర్నుంచి అసలు పాఠం తెప్పించారు. బూతు కాగితాల నకళ్ళు కూడా ఫైలులో చేరాయి. అంటే ఒకే ఫైలులో అసలు పాట, దాని పక్కనే రకరకాల దొంగ పాఠాలు! ల్యాబు నివేదిక సారాంశం ఇది: పరీక్షలో మాటలు కచ్చితంగా తేలలేదు, కాబట్టి ఇది అశ్లీలమా కాదా అన్నది చెప్పలేము.

ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవండి. 'అశ్లీలం కాదు' అని అనలేదు. 'చెప్పలేము' అన్నారు. ప్రాసిక్యూటర్లు కేసు పెట్టడానికి ఒప్పుకోలేదు, అంతవరకు మేలే. కానీ ఈ తీర్పుతో అనుమానం చావలేదు, దానికి ఆయుష్షు పోసినట్టయింది. ఎఫ్.బి.ఐ.కి కూడా అంతుపట్టలేదంటే అందులో ఏదో ఉండే ఉంటుంది అని జనం అనుకోరా? ఓ చోట కేసు మూస్తే ఇంకో చోట ఇంకో తల్లో తండ్రో ఉత్తరం రాసేవారు. 1965లో మిచిగాన్ నుంచి మళ్ళీ ఫిర్యాదు, మళ్ళీ రికార్డు ల్యాబుకు, మళ్ళీ అదే జవాబు. మన సామెతలో చెప్పాలంటే తిరగలి తిరుగుతోంది గానీ పిండి పడటం లేదు.

ల్యాబులో చెయ్యాల్సిన పరీక్ష వేరే ఉంది. పాట గురించి ఏమీ తెలియని పదిమందిని కూర్చోబెట్టి, ఏ కాగితమూ చూపించకుండా పాట వినిపించి, ఎవరికి వినపడింది వాళ్ళను విడివిడిగా రాయమనాలి. తర్వాత వాటిని పోల్చి చూడాలి. దీనికి అణుశాస్త్రం అక్కర్లేదు, ఓ మధ్యాహ్నం చాలు. ఆ ఫైలులో అలాంటి ప్రయత్నం కనపడదు. వేగం మార్చి వినడం వల్ల ఒరిగేదేమీ లేదు. స్పష్టత లేని శబ్దాన్ని ఇంకాస్త పాడుచేసి వింటే ఊహకు ఇంకాస్త చోటు దొరుకుతుంది, అంతే.

అసలైన సాక్షిని కూడా వాళ్ళు వదిలేశారు. పాడిన జాక్ ఈలీని ఎఫ్.బి.ఐ. ఒక్కసారి కూడా ప్రశ్నించలేదు. 'బాబూ, నువ్వు ఏం పాడావు?' అని అడగలేదు. దానికి వెనక ఓ చిన్న కథ ఉంది. పాట పేరుపొందకముందే, 1963 వేసవిలో బృందంలో తగాదా వచ్చింది. బృందం పేరు తమ కుటుంబం రిజిస్టరు చేయించింది కాబట్టి ఇకనుంచి తనే పాడతానని డ్రమ్మర్ ఈస్టన్ అన్నాడు. ఈలీ బయటకు వెళ్ళిపోయాడు. రికార్డు దేశమంతా మోగుతున్నప్పుడు టీవీలో కనపడి పెదాలు కదిపింది ఈస్టన్, గొంతు ఈలీది. మాటలు వినపడని పాట, పైగా చూసేవాళ్ళకు కనపడుతున్నది పాడని మనిషి. ఈలీ 2015లో పోయాడు. చివరిదాకా అడిగినవాళ్ళందరికీ తను పాడింది బెర్రీ మాటలేనని చెబుతూనే వచ్చాడు.

ఇక్కడో కొసమెరుపు. ఆ రికార్డులో నిజంగానే ఓ బూతు ఉందని బృందం వాళ్ళే చెప్పారు. 54వ సెకను దగ్గర ఈస్టన్ చేతిలో డ్రమ్ము పుల్ల తడబడి, విసుగులో ఓ నాలుగక్షరాల ఇంగ్లీషు తిట్టు అరిచాడట. మైకుకు దూరంగా, వెనకనుంచి లీలగా వస్తుంది. తెలిసి వింటే నాకూ వినపడింది. (తెలిసి వింటే అంటున్నాను, గమనించండి. ఈ వ్యాసంలో చెప్పిన సూత్రం నాకూ వర్తిస్తుంది.) అంత పెద్ద ల్యాబు, అన్ని చెవులు, రెండున్నరేళ్ళు! దీని ప్రస్తావన ఫైలులో లేదు. వాళ్ళు వెతుకుతున్నది పడవలో ప్రేయసి గురించిన బూతు. పుల్ల జారిన బూతు ఎవరికి కావాలి?

ఈ వ్యవహారం 1966తో ఆగిపోలేదు. పాట మారింది, అంతే. 1982లో కాలిఫోర్నియా శాసనసభ కమిటీ ముందు లెడ్ జెపెలిన్ వాళ్ళ 'స్టెయిర్‌వే టు హెవెన్' పాటను వెనక్కి తిప్పి వినిపించారు, అందులో సైతానును పొగిడే మాటలున్నాయని. అక్కడా అంతే, ఏం వినపడాలో ముందే అచ్చువేసి ఇచ్చారు. కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో జాన్ వోకీ, డాన్ రీడ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్ని పద్ధతిగా పరీక్షించి 1985లో ప్రచురించారు. వెనక్కి తిప్పిన వాక్యాలు వినిపించి, ఇది పిల్లల పాటా, క్రైస్తవ వాక్యమా, సైతాను మాటా, బూతా, వ్యాపార ప్రకటనా అని వర్గీకరించమన్నారు. గుడ్డిగా ఊహించినదాని కంటే ఎవరూ మెరుగ్గా చెప్పలేకపోయారు. పాడినది ఆడా మగా అన్నది మాత్రం బాగానే పట్టేశారు. ఆ తర్వాత ఫలానా మాట ఉంది వినండి అని ముందే చెప్పి వినిపిస్తే ఎక్కువమందికి ఆ మాటే వినపడింది. సరసోటా తండ్రి అనుభవాన్ని ప్రయోగశాలలో మళ్ళీ పుట్టించినట్టయింది.

1990లో నెవాడాలోని రీనోలో ఇదే విషయం కోర్టుకెక్కింది, ఈసారి నవ్వుకునే వీలు లేదు. 1985లో ఇద్దరు యువకులు తుపాకితో కాల్చుకున్నారు. ఒకడు అక్కడే చనిపోయాడు, రెండోవాడు మూడేళ్ళ తర్వాత పోయాడు. జూడాస్ ప్రీస్ట్ బృందం పాటలో 'చేసెయ్' అనే రహస్య ఆదేశం ఉందని, అదే వాళ్ళను చావుకు పురికొల్పిందని కుటుంబాల వాదన. గాయకుడు రాబ్ హాల్ఫర్డ్ కోర్టులో పాడి చూపించాల్సి వచ్చింది. తమ పాటలనే వెనక్కి తిప్పి, అందులో విరిగిన కుర్చీ గురించి, పిప్పరమెంటు బిళ్ళ గురించి మాటలు 'దొరికించి' వినిపించాడు. వెతికితే ఏదైనా దొరుకుతుందని చూపించడానికి. ఊపిరి వదిలిన శబ్దం, గిటార్ శబ్దం యాదృచ్ఛికంగా కలిసి అలా వినపడుతోందని, ఉద్దేశపూర్వకంగా పెట్టినట్టు రుజువు కాలేదని న్యాయమూర్తి తీర్పు చెప్పాడు. కన్నవాళ్ళ దుఃఖాన్ని నేను తేలిక చేయడం లేదు. దుఃఖంలో ఉన్న మనిషికి కారణం కావాలి. కారణం ఎంతకీ దొరకనప్పుడు ఓ శబ్దంలో దొరుకుతుంది. మన పల్లెల్లో బిడ్డ జబ్బుపడితే బాణామతి చేశారని పొరుగువాడి మీద పడటం కూడా ఇలాంటిదే. అక్కడ ఎదుటివాడికి న్యాయమూర్తి కూడా ఉండడు.

పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చెప్పాలి. 1993లో 'ఖల్‌నాయక్' సినిమాలో రవికె గురించిన పాట మీద మన దేశంలో పెద్ద రభస జరిగింది. ఢిల్లీలో ఓ న్యాయవాది కోర్టుకెక్కాడు. అక్కడ మాటలు ప్రతి అక్షరం స్పష్టంగా వినపడతాయి, గొడవ అర్థం మీద. ఒకే వాక్యానికి రెండర్థాలు ఉన్నప్పుడు ఏది తీసుకోవాలన్నది సాహిత్య చర్చ, దానికి రెండు పక్షాలూ ఉంటాయి. లూయీ గొడవ అలాంటిది కాదు. ఇక్కడ వాక్యమే లేదు. లేని వాక్యానికి అర్థం చెప్పి, ఆ అర్థానికి శిక్ష అడిగారు. 'నాకు బూతుగా వినపడింది' అన్న ఒక్క మాట ఫెడరల్ ఏజెంట్లను కదిలించింది. 'నా మనోభావాలు దెబ్బతిన్నాయి' అన్న ఒక్క మాటకు మన దగ్గర పోలీసు స్టేషన్లో ఏమవుతుందో మన సంఘాలవాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 295-ఎ సెక్షన్ పోయి 2024 జులై నుంచి న్యాయ సంహితలో 299 అయింది, నంబరు మారింది. అయినా ఆ సెక్షన్లో ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో అనే షరతు అక్షరాలా రాసి ఉంది. ఫిర్యాదు తీసుకునేవాళ్ళు ఆ భాగం చదవరు.

మరి ఈ పుకారు వల్ల ఎవరికి లాభం? బూతు కాగితాలు పుట్టించింది పెద్దలు కాదు, కుర్రాళ్ళు. పెద్దవాళ్ళ ముక్కు కిందనే, రేడియోలోనే, బూతు మోగుతోందన్న ఊహ వాళ్ళకు మహా సరదా. పెద్దలకు ఆ ఊహ మహా భయం. సరదాపడ్డవాడూ భయపడ్డవాడూ నమ్మింది ఒక్కటే. గవర్నరుకూ, తరగతి గదిలో కాగితం అందించిన కుర్రాడికీ ఈ విషయంలో ఏ అభిప్రాయభేదమూ లేదు! అందుకే పుకారు అంత గట్టిగా నిలబడింది. మాంత్రికుడూ మంత్రానికి భయపడేవాడూ ఒకే మతస్థులని మనం సభల్లో అంటుంటాం కదా. మధ్యలో రికార్డు కంపెనీ లక్షల కాపీలు అమ్ముకుంది.

రిచర్డ్ బెర్రీకి మాత్రం అప్పుడు దమ్మిడీ రాలేదు. ఆయన పాట మీద విచారణ జరిగింది, ఆయన మాటల్ని బూతన్నారు, ఆయన పాటను వందల బృందాలు వాయించాయి. ఆయన 1980ల్లో దక్షిణ లాస్ ఏంజెలెస్‌లో తల్లి ఇంట్లో ప్రభుత్వ సాయం మీద బతుకుతున్నాడు. ఓ పానీయం కంపెనీ తమ ప్రకటనకు ఈ పాట కావాలని ఆయన్ను వెతుక్కుంటూ రావడంతో హక్కుల విషయం కదిలింది. లాయర్ల సాయంతో, కోర్టు బయట రాజీతో, ఆయనకు తన పాటలో వాటా తిరిగొచ్చింది. 1997లో పోయేనాటికి ఆ డబ్బుతో కొన్నేళ్ళు సుఖపడ్డాడు. ఈ కథలో నాకు సంతోషం కలిగించిన భాగం ఇదొక్కటే.

నా మటుకు నేను ఈ పాటను మొదటిసారి విన్నప్పుడు బూతులు కాదు గదా, ఇంగ్లీషే వినపడలేదు. మా హాస్టల్లో ఇంగ్లీషు పాటలన్నీ మాకు దాదాపు ఇలాగే ఉండేవి. పల్లవిలో రెండు మాటలు పట్టుకుని మిగతాదంతా తెలుగు అక్షరాలతో నింపి పాడుకునేవాళ్ళం. ఆ కాగితాలు మా దాకా రాలేదు కాబట్టి మేం చెడిపోలేదు. :) మీలో ఈ పాట విననివాళ్ళుంటే ఓ పని చెయ్యండి. మాటలు ఎక్కడా చదవకుండా ఒకసారి విని, వినపడింది రాసుకోండి. తర్వాత అసలు పాఠం ముందు పెట్టుకుని వినండి. ఇంతకుముందు గుడగుడమన్న గొంతు హఠాత్తుగా తేటపడి, ఓడా గులాబీ చంద్రుడూ వరసగా దిగుతారు. రికార్డు మారలేదు. మీ ఇంట్లో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళ చేత ఓ దొంగ పాఠం రాయించి మూడోసారి వింటే ఏమవుతుందో నేను చెప్పను.

2005లో మిచిగాన్‌లోని బెంటన్ హార్బర్ అనే ఊళ్ళో పూల పండుగ ఊరేగింపు కోసం మాధ్యమిక పాఠశాల పిల్లల బ్యాండు లూయీ లూయీ నేర్చుకుంది. మాటలు అసభ్యమని అక్కడి విద్యాధికారి వద్దన్నారు. ఎఫ్.బి.ఐ. ఫైలు మూసి అప్పటికి దాదాపు నలభై ఏళ్ళు. ఫైలులోని కాగితాలు ఎవరైనా చదవగలిగేలా బయటికొచ్చి కూడా చాలాకాలమైంది. తల్లిదండ్రులు గొడవపెడితే చివరికి అనుమతి ఇచ్చారు. ఆ బ్యాండులో బాకాలూ డ్రమ్ములే తప్ప పాడేవాళ్ళెవరూ లేరు.